పోస్ట్‌గ్రెస్ వైర్ ప్రొటోకాల్‌ను సొంతంగా రాసుకోవడం సబబా, లిబ్‌పీక్యూ మీదే ఆధారపడాలా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి

సభ్యులకు నమస్కారం. పర్లాకిమిడిలో మేము ముగ్గురం కలిసి చిన్న సాఫ్ట్‌వేర్ దుకాణం నడుపుకుంటున్నాము. గజపతి, రాయగడ జిల్లాల్లోని రైస్ మిల్లులకూ జీడిపప్పు వ్యాపారులకూ కాటా చీటీలు, సరుకు నిల్వ, ఖాతాలు చూసుకునే ప్రోగ్రామును లాజరస్‌లో, అంటే ఫ్రీ పాస్కల్‌లో, రాసి ఇస్తాము. మిల్లుల్లో ఉన్న కంప్యూటర్లు చాలావరకు 32 బిట్ల విండోస్ 7వి. అవి పనిచేస్తున్నంత కాలం వాటిని మార్చమని చెప్పే ధైర్యం మాకు లేదు, చెప్పినా వినే యజమాని లేడు. డేటాబేస్ మాత్రం అద్దె సర్వరులో నడిచే పోస్ట్‌గ్రెస్. ప్రోగ్రాము దానితో లిబ్‌పీక్యూ ద్వారా మాట్లాడుతుంది. అది పోస్ట్‌గ్రెస్ వారే ఇచ్చే క్లయింటు లైబ్రరీ. క్లయింటూ సర్వరూ తీగ మీద ఇచ్చిపుచ్చుకునే సందేశాల భాషే వైర్ ప్రొటోకాల్.

ఈమధ్య సర్వరును 9.6 నుంచి 16కు మార్చి, వాడుకదారుల పాస్‌వర్డులన్నీ కొత్తగా పెట్టాము. మర్నాడు ఉదయం కాటా తెరిచే వేళకే ఫోన్లు మొదలయ్యాయి. అందరి తెర మీదా ఒకే వాక్యం: ‘ఆథెంటికేషన్ మెథడ్ 10 నాట్ సపోర్టెడ్’. కారణం తెలుసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి పాస్‌వర్డులను ఎండీ5 అనే పాత పద్ధతికి బదులు స్క్రామ్-షా-256 పద్ధతిలో దాచడం ఆనవాయితీ అయింది. స్క్రామ్ అనేది 2017లో వచ్చిన 10వ సంచికతో మొదలైంది. మా ప్రోగ్రాము వెంట మేము ఇచ్చిన లిబ్‌పీక్యూ డీఎల్ఎల్ (విండోస్ లైబ్రరీ ఫైలు) అంతకన్నా పాతది. సర్వరు పదో నంబరు పద్ధతిలో గుర్తింపు అడిగితే దానికి ఆ మాటే తెలియదు. అప్పటికి పాస్‌వర్డులను మళ్ళీ ఎండీ5లోకి మార్చి ఆ పూట గట్టెక్కాము గాని, పోస్ట్‌గ్రెస్ 18లో ఎండీ5కు కాలం చెల్లిందని అధికారికంగానే ప్రకటించారు కనుక అది ఎంతోకాలం నిలిచే ఉపాయం కాదు.

కొత్త డీఎల్ఎల్ పంపాలంటే దాని వెంట ఎన్‌క్రిప్షన్ చూసుకునే ఓపెన్ఎస్ఎస్ఎల్ డీఎల్ఎల్‌లు రెండు, విజువల్ సీ రన్‌టైము కూడా పంపాలి. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ఉంటుంది. దానికితోడు, విండోస్‌కు అందరూ దించుకునే ఇన్‌స్టాలరు 11వ సంచిక నుంచి 32 బిట్లకు రావడం మానేసింది. అందువల్ల నేను మూడు వారాలు కూర్చుని, లిబ్‌పీక్యూ ప్రమేయం లేకుండా, సాకెట్టు మీద సర్వరుతో నేరుగా మాట్లాడే పాస్కల్ యూనిట్ ఒకటి రాశాను. లాగిన్ అవుతోంది, ప్రశ్నలకు జవాబులు వస్తున్నాయి. దీన్నే పూర్తిచేసి మిల్లులన్నిటికీ పంపాలా, లేక ఇది దుస్సాహసమని మానుకోవాలా అన్నదే నా ప్రశ్న. మా ముగ్గురిలోనే ఏకాభిప్రాయం లేదు.

నాగావళి, రాయగడ

మానుకోవాలన్నదే నా అభిప్రాయం. ఇరవై ఏళ్ళుగా డేటాబేస్ నిర్వహణే నా ఉద్యోగం కనుక, సొంతంగా రాసిన క్లయింట్లు సర్వరు వైపు నుంచి ఎలా కనిపిస్తాయో నాకు తెలుసు. మీరు ‘లాగిన్ అవుతోంది, జవాబులు వస్తున్నాయి’ అన్నారు. ప్రొటోకాల్‌లో అది పావు వంతు పని. మిగతా ముప్పావు, ఏదైనా బెడిసికొట్టినప్పుడు ఏం చేయాలన్నది. పార్స్ (ప్రశ్నను చదువు), బైండ్ (విలువలు అతికించు), ఎగ్జిక్యూట్ (నడిపించు) అని వరుసగా పంపిన తర్వాత మధ్యలో దోషం వస్తే, ఈ విడత ముగిసిందని చెప్పే సింక్ సందేశం మీరు పంపేదాకా సర్వరు మీ సందేశాలన్నిటినీ చదివి పారేస్తూనే ఉంటుంది, ‘సిద్ధంగా ఉన్నాను’ అన్న సందేశం మీకు రాదు. మీరు దాని కోసం చూస్తూ కూర్చుంటారు, అది మీ సింక్ కోసం చూస్తూ కూర్చుంటుంది. రైస్ మిల్లు గుమాస్తాకు కనిపించేది మాత్రం కదలని తెర.

నోటీసు సందేశాలు, పరామితి మారిందన్న సందేశాలు, లిజన్ పెట్టుకుంటే వచ్చే కబుర్లు, ఇవన్నీ వేళాపాళా లేకుండా వరసల మధ్యలో కూడా రావచ్చు. నడుస్తున్న ప్రశ్నను రద్దు చేయాలంటే అదే సాకెట్టు మీద చెప్పడం కుదరదు, వేరే కనెక్షన్ తెరిచి, మొదట సర్వరు ఇచ్చిన ప్రాసెస్ సంఖ్యను, రహస్య సంఖ్యను పంపాలి. లిబ్‌పీక్యూలో ఇవన్నీ ఎంతోమంది చేతుల్లో అరిగి నునుపైన దారులు.

32 బిట్ల సమస్యకు విరుగుడు ఉంది. సర్వరు మొత్తాన్ని కట్టనక్కరలేదు, మూలంలోంచి లిబ్‌పీక్యూ ఒక్కదాన్నే మింగ్‌డబ్ల్యూ అనే ఉచిత కంపైలరుతో 32 బిట్లకు కట్టుకోవచ్చు. 16వ సంచికకు విండోస్ 10 కన్నా పాతవి పనికిరావు కనుక, 15వ శాఖను తీసుకోండి. దానికి స్క్రామ్ వచ్చు. మూడు వారాల పనికి బదులు ఒక వారాంతం పడుతుంది.

ప్రాణహిత, సిరొంచ

నేను ఈ వాదానికి రెండో వైపు నిలబడతాను, ఎందుకంటే మా సంస్థలో వాడే ఒక చిన్న స్క్రిప్టు భాషకు నేను ఇదే పని చేశాను. అది నాలుగేళ్ళుగా నడుస్తోంది. ‘సొంతంగా రాయడం దుస్సాహసం’ అన్నది సూత్రంగా ఒప్పుకోవడానికి వీల్లేదు. జావాలో అందరూ వాడే పీజీజేడీబీసీ మొత్తం జావాలోనే రాసింది. డాట్‌నెట్ వారి ఎన్‌పీజీఎస్‌క్యూఎల్, గో వారి పీజీఎక్స్, పైథాన్‌లో అసింక్‌పీజీ, ఇవేవీ లిబ్‌పీక్యూను తాకవు. సైకాప్‌జీ ఒక్కటి లిబ్‌పీక్యూ మీద పొరగా ఉంటుంది. అంటే రెండు దారుల్లోనూ పెద్ద బళ్ళు నడుస్తున్నాయి.

ఇక ప్రొటోకాల్ ఎంత తరచుగా మారుతుందన్నది చూద్దాం. మూడో వెర్షన్ 2003లో పోస్ట్‌గ్రెస్ 7.4తో వచ్చింది. కొత్త క్లయింటు మొట్టమొదట పంపే 196608 అన్న సంఖ్య (65536ను 3తో హెచ్చవేస్తే వచ్చేది) అప్పటిదే, ఈనాటికీ సర్వరు దాన్ని ఆదరిస్తుంది. 2025లో 18వ సంచికతో 3.2 వచ్చినా, అందులో ముఖ్యమైన మార్పు రద్దు చేయడానికి ఇచ్చే రహస్య సంఖ్య నాలుగు బైట్ల నుంచి 256 దాకా పెరగగలగడం. 3.0 అడిగిన క్లయింటుకు పాత మర్యాదే జరుగుతుంది. రెండో వెర్షన్‌ను 14లో తీసేశారు, నిజమే, కాని అప్పటికి అది పాతబడి పదిహేడేళ్ళు దాటింది.

సందేశాల అమరిక కూడా సులువైనదే. ఒక బైటు రకం, నాలుగు బైట్ల పొడవు, తర్వాత సరుకు. పొడవులో ఆ నాలుగు బైట్లూ కలుస్తాయి, రకం బైటు కలవదు. మొట్టమొదటి స్టార్టప్ సందేశానికి మాత్రం చారిత్రక కారణాల వల్ల రకం బైటు ఉండదు. ఈ ఒక్క మినహాయింపును కోడ్‌లో ఎక్కడ పెట్టాలా అని ప్రతి రచయితా ఒక సాయంత్రం వృథా చేసుకుంటాడు.

అయితే నా అనుభవం నుంచి ఒక హెచ్చరిక చెప్పాలి. వేగం కోసమని విలువలను బైనరీ రూపంలో తెప్పించుకోవాలన్న ఆశ పుడుతుంది. ఆ ఆశను అణచుకోండి. పోస్ట్‌గ్రెస్ బైనరీ రూపంలో సమయాన్ని 2000 జనవరి 1 నుంచి గడిచిన మైక్రోసెకండ్లుగా ఇస్తుంది. నేను అలవాటుకొద్దీ 1970 నుంచి లెక్కపెట్టాను. 2021లో జరిగిన లావాదేవీలన్నీ 1991లో జరిగినట్టు నివేదికలో వచ్చాయి. అంత పెద్ద తప్పు కనుక వెంటనే దొరికింది, చిన్నదైతే దొరికేది కాదు. న్యూమరిక్ రకం ఇంకా చిక్కు, అది పదివేలను ఆధారంగా చేసుకున్న అంకెల వరుస. మీవి డబ్బు లెక్కలు కనుక, టెక్స్ట్ రూపంలోనే తెప్పించుకుని పాస్కల్‌లో ఉన్న కరెన్సీ రకంలోకి మార్చండి. దారిలో ఎక్కడా డబుల్‌లోకి పోనివ్వకండి, పోతే పైసలు జారిపోతాయి.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

ఇద్దరికీ ధన్యవాదాలు. నాగావళి గారు చెప్పిన సింక్ సంగతి నాకు రెండో వారంలోనే ఎదురైంది. తెర గంటసేపు కదల్లేదు, నేను నెట్‌వర్కును తిట్టుకుంటూ కూర్చున్నాను.

మరొక తప్పు గురించి చెప్పాలి, ఎందుకంటే అది మనలాంటి వారికి ప్రత్యేకంగా తగిలేది. పరీక్షల కోసం నేను పెట్టుకున్న గ్రామాల పేర్లన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాల్లో ఉండేవి. వాటితో వారం రోజులు ఒక్క పొరపాటూ రాలేదు. తర్వాత ఒక మిల్లు యజమాని తన రైతుల పేర్లు, ఊళ్ళు తెలుగులోనే ఉండాలన్నారు. మొదటి వరుసలో ‘పర్లాకిమిడి’ అని కొట్టగానే సర్వరు ‘యూటీఎఫ్-8కు చెల్లని బైట్ల వరుస’ అని తిప్పికొట్టింది.

ఈ పేరు కంటికి అయిదక్షరాలు. యూనికోడ్‌లో అయితే ప, ర, పొల్లు, ల, దీర్ఘం, క, గుడి, మ, గుడి, డ, గుడి అని లెక్కపెడితే 11. యూటీఎఫ్-8లో ఒక్కొక్కటీ మూడు బైట్లు కనుక తీగ మీద వెళ్ళేవి 33. బైండ్ సందేశంలో ప్రతి విలువకూ ముందు దాని పొడవు బైట్లలో చెప్పాలి. నేను యూనికోడ్ స్ట్రింగ్ పొడవును చెప్పాను, అంటే 11. సర్వరు నా మాట నమ్మి 11 బైట్లే చదివింది. మొదటి తొమ్మిదిలో ప, ర, పొల్లు వచ్చాయి, మిగిలిన రెండింటితో ‘ల’ మధ్యలో తెగిపోయింది. ఇంగ్లీషులో అక్షరమూ బైటూ ఒకటే కావడం వల్ల ఈ తప్పు వారం రోజులు దాక్కుంది. ఒడియా పేర్లతోనూ ఇదే జరుగుతుంది, దాని అక్షరాలవీ మూడేసి బైట్లే. కోడ్ రాయడానికి కూర్చున్న ప్రతివారికీ నా సలహా ఒకటే: మొదటి పరీక్షలో మీ ఊరి పేరే మీ లిపిలో పెట్టండి.

లిబ్‌పీక్యూ వాడి ఉంటే ఈ తప్పు వచ్చేది కాదని నాగావళి గారు అంటారని తెలుసు. ఒప్పుకుంటాను. టెక్స్ట్ రూపంలో విలువ ఇచ్చినప్పుడు పొడవు లెక్క అదే చూసుకుంటుంది.

నాగావళి, రాయగడ

అంటాను. అయితే ఆ తప్పు నన్ను అంతగా కలవరపెట్టదు, ఎందుకంటే అది అరిచి చెప్పింది. నోరు మెదపని తప్పుల గురించే నా భయం. రెండు చెబుతాను.

మొదటిది టీఎల్ఎస్, అంటే కనెక్షన్‌ను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి. క్లయింటు కనెక్షన్ తెరవగానే 80877103 అన్న సంఖ్యతో ఎన్‌క్రిప్షన్ కావాలని అడుగుతుంది. సర్వరు ఒకే ఒక్క బైటు జవాబిస్తుంది: ‘ఎస్’ అంటే సరే, ‘ఎన్’ అంటే కుదరదు. ‘ఎస్’ తర్వాత టీఎల్ఎస్ కరచాలనం మొదలవుతుంది. ఇక్కడ సహజంగా అందరూ చేసే పని, సాకెట్టు నుంచి ఎనిమిది వేల బైట్లకు చోటున్న బఫరులోకి చదివి మొదటి బైటును చూడడం. మధ్యలో కూర్చున్న దొంగ ఆ ‘ఎస్’ వెనకాలే తన సొంత బైట్లు కొన్ని అంటించి పంపాడనుకోండి. అవి బఫరులో ఉండిపోతాయి, కరచాలనం ముగిశాక సురక్షితమైన దారిలో వచ్చిన జవాబులుగా చెలామణి అవుతాయి. ఇది ఊహ కాదు. లిబ్‌పీక్యూలోనే ఈ లోపం ఉండేది, 2021 నవంబరులో సరిచేశారు, బహిరంగంగా నమోదయ్యే భద్రతా లోపాల జాబితాలో దాని సంఖ్య సీవీఈ-2021-23222. అంత మంది చూసిన కోడ్‌లోనే అన్నేళ్ళు దాగిన లోపం, ముగ్గురు చూసే కోడ్‌లో ఎన్నేళ్ళు దాగుతుంది?

రెండోది స్క్రామ్. మహేంద్రతనయ గారు లాగిన్ అవుతోందన్నారు కనుక క్లయింటు రుజువును సరిగ్గానే కడుతున్నారు: ఉప్పు (పాస్‌వర్డుకు కలిపే యాదృచ్ఛిక బైట్లు), 4096 ఆవృత్తులు, హెచ్‌మ్యాక్ (రహస్య తాళంతో కట్టే ముద్ర), అన్నీ. కాని స్క్రామ్ ఒకవైపు గుర్తింపు కాదు. చివరి సందేశంలో సర్వరు కూడా తన సంతకం పంపుతుంది. పాస్‌వర్డు నుంచి పుట్టిన తాళం తన దగ్గర ఉందని అది నిరూపించుకోవాలి. క్లయింటు దాన్ని లెక్కగట్టి పోల్చి చూడాలి. పోల్చకపోయినా లాగిన్ అవుతుంది, ఏ పరీక్షా తప్పదు, ఎవరూ ఫిర్యాదు చేయరు. మారువేషంలో ఉన్న సర్వరుకు మిల్లు లెక్కలన్నీ అప్పగించిన రోజున కూడా తెర పచ్చగానే ఉంటుంది. మీరు పోలుస్తున్నారా? క్లయింటు తరఫు యాదృచ్ఛిక సంఖ్యను పాస్కల్ వారి మామూలు ర్యాండమ్ ఫంక్షన్‌తో తెస్తున్నారా, విండోస్ ఇచ్చే క్రిప్టో జనరేటరుతోనా?

ఋషికుల్య, బరంపురం

చర్చ ఆసక్తికరంగా ఉంది గాని, ఇరువర్గాలూ ఒక ప్రశ్నను దాటేశాయి. మిల్లులో గుమాస్తా బల్ల మీద ఉన్న విండోస్ 7 యంత్రం అసలు డేటాబేస్‌తో నేరుగా ఎందుకు మాట్లాడాలి? పోస్ట్‌గ్రెస్ వినే 5432 పోర్టు ఇంటర్నెట్‌కు తెరిచి ఉందన్నమాట. డేటాబేస్ పాస్‌వర్డు ప్రతి మిల్లులోనూ ఒక ఫైల్లో ఉందన్నమాట. మధ్యలో చిన్న హెచ్‌టీటీపీ సేవ ఒకటి పెట్టి, మిల్లు దానితో మాట్లాడి, అది సర్వరు పక్కనే కూర్చుని నిక్షేపమైన కొత్త లిబ్‌పీక్యూతో పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడితే ఈ వాదమే ఉండదు.

మన ప్రాంతం వారికి ఒక పోలిక చెబుతాను. నౌపడ నుంచి గుణుపురం వెళ్ళే చిన్న రైలు రెండడుగుల ఆరంగుళాల గేజ్‌గా ఉన్నంత కాలం, పెద్ద లైనులో వచ్చినవాడు నౌపడలో దిగి బండి మారేవాడు. మారడం విసుగే గాని, పెద్ద బండిని చిన్న పట్టాల మీదికి ఎక్కించాలని ఎవరూ పట్టుబట్టలేదు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

ఋషికుల్య గారూ, మీ పోలిక బాగుంది, అయితే అదే రైలు చివరికి బ్రాడ్ గేజ్ అయిందని, ఇప్పుడు ఎవరూ నౌపడలో దిగడం లేదని కూడా గుర్తుచేస్తున్నాను. పోర్టు బహిరంగంగా లేదు, మిల్లుల ఐపీ చిరునామాలకే తెరిచి ఉంది. కాని సిమ్ కార్డుతో నడిచే మిల్లుల చిరునామా మారుతూనే ఉంటుంది కనుక ఆ కంచెకు కంతలున్నాయి. మీరు చెప్పినది మొదటి రోజే చేసి ఉండాల్సింది. ఇప్పుడు మా ప్రోగ్రాములో నాలుగు వందలకు పైగా ప్రశ్నలు ఫారాల వెనక నేరుగా అతికి ఉన్నాయి. ఖరీఫ్ ధాన్యం కొనుగోళ్ళకు ముందు వాటన్నిటినీ విప్పి సేవ వెనక్కి నెట్టే శక్తి ముగ్గురికి లేదు.

నాగావళి గారి ప్రశ్నలకు నిజాయితీగా జవాబు చెబుతాను. ‘ఎస్’ కోసం నేను ఒక్క బైటే చదువుతున్నాను, తెలివితో కాదు, బద్ధకంతో. బఫరు పొర అప్పటికి రాయలేదు. సర్వరు సంతకాన్ని పోల్చడం లేదు. చివరి సందేశం వచ్చిందని చూసి ముందుకు పోతున్నాను. యాదృచ్ఛిక సంఖ్యకు మామూలు ర్యాండమే వాడాను. ఈ రెండూ దిద్దాల్సినవే.

అయితే మీరిచ్చిన సీవీఈ ఉదాహరణనే నేను తిరగేసి చూపిస్తాను. 2021లో లిబ్‌పీక్యూలో ఆ లోపం సరిచేశారన్నారు. మా మిల్లుల్లో ఉన్న డీఎల్ఎల్‌కు ఆ దిద్దుబాటు ఈనాటికీ చేరలేదు, ఎందుకంటే అది నేను ఎప్పుడో కాపీ చేసి పెట్టిన ఫైలు. ప్రోగ్రామును మేము నెలకోసారి పంపుతాము, ఎగ్జిక్యూటబుల్ ఒక్కటే, వాట్సాప్‌లో కూడా వెళ్ళిపోతుంది. డీఎల్ఎల్‌లను మాత్రం ముట్టుకోవడానికి భయపడి వదిలేశాము. అందరూ చూసిన కోడ్ మంచిదే, కాని అది నా ఖాతాదారు దగ్గరికి చేరినప్పుడే. మరో సంగతి: లిబ్‌పీక్యూ వాడుతూ మేము పెట్టిన ఎస్ఎస్ఎల్ మోడ్ (ఎన్‌క్రిప్షన్ మీద ఎంత పట్టుబట్టాలన్న అమరిక) ఏమిటో వెనక్కి వెళ్ళి చూశాను. ఏమీ పెట్టలేదు, అంటే దానంతట అది ‘ప్రిఫర్’. అది సర్టిఫికెట్టును సరిచూడదు, సర్వరు ఎన్‌క్రిప్షన్ వద్దంటే బట్టబయలుగానే మాట్లాడుతుంది. ఇన్నేళ్ళూ లిబ్‌పీక్యూ నీడలో మేము అనుభవించిన భద్రత అంతమాత్రం.

వంశధార, గుణుపురం

నేను ఇంజనీరింగ్ మూడో ఏడు విద్యార్థిని, పెద్దల వాదంలో తీర్పు చెప్పే అర్హత లేదు. మా ప్రాజెక్టులో ఉపయోగపడిన ఒక పరీక్ష మాత్రం చెబుతాను. అసలు సర్వరుకూ క్లయింటుకూ మధ్య చిన్న ప్రాక్సీ రాసి, అది సర్వరు పంపినదాన్ని ఒక్కొక్క బైటుగా, మధ్యలో కొన్ని మిల్లీసెకండ్లు ఆగుతూ క్లయింటుకు అందించేలా చేశాము. ఒకే గదిలోని నెట్‌వర్కులో సందేశం దాదాపు ఎప్పుడూ ఒక్క ముక్కగా వస్తుంది కనుక, టీసీపీలో సందేశానికి సరిహద్దులుండవన్న సంగతి మరిచిపోతాము. ఆ ప్రాక్సీ పెట్టిన అయిదు నిమిషాల్లో మా క్లయింటు కుప్పకూలింది. నెట్‌వర్కు రాకపోకలను చూపే వైర్‌షార్క్‌కు పోస్ట్‌గ్రెస్ సందేశాలను విడదీసి చూపడం వచ్చు, పక్కన అదీ తెరిచి పెట్టుకుంటే ఎక్కడ తెగిందో కంటికి కనిపిస్తుంది.

ఒక సందేహం కూడా ఉంది. పొడవు నాలుగు బైట్లే అయినప్పుడు, అంతకన్నా పెద్ద సందేశం పంపితే ఏమవుతుంది?

ప్రాణహిత, సిరొంచ

మంచి సందేహం, ఎందుకంటే దానికి పెద్దవాళ్ళే దొరికిపోయారు. గో భాష పీజీఎక్స్‌లో 2024లో బయటపడిన సీవీఈ-2024-27304 సరిగ్గా అదే. సందేశం 4 గిగాబైట్లు దాటితే పొడవు సంఖ్య చుట్టు తిరిగి చిన్నదైపోతుంది. సర్వరు ఆ చిన్న పొడవు మేరకే చదివి, మిగిలిన బైట్లను కొత్త సందేశాలుగా భావిస్తుంది. ఆ బైట్లు వాడుకదారుడు ఇచ్చిన విలువలోనివైతే, వాటిలో అతడు తనకు కావలసిన ఎస్‌క్యూఎల్‌ను సందేశ రూపంలో ఇరికించగలడు. కొటేషన్ గుర్తులను ఎంత జాగ్రత్తగా తప్పించినా ఉపయోగం లేదు, ఎందుకంటే దొంగ కన్నం వేసింది ఎస్‌క్యూఎల్ గోడకు కాదు, దాని కింది పునాదికి.

32 బిట్ల పాస్కల్ ప్రోగ్రాములో 4 గిగాబైట్ల స్ట్రింగ్ పుట్టదు కనుక మహేంద్రతనయ గారికి ఆ ప్రమాదం లేదు. కాని చిన్న తమ్ముడొకడున్నాడు. బైండ్‌లో విలువల సంఖ్య రెండు బైట్లు, అంటే 65,535 వరకే. ఎనిమిది గడుల వరుసలను ఒకే ఇన్సర్ట్‌లో 8,192 పెడితే విలువలు సరిగ్గా 65,536 అవుతాయి, రెండు బైట్లలో అది సున్నా. పాస్కల్‌లో రేంజ్ చెక్ (విలువ హద్దు దాటిందేమో చూసే తనిఖీ) ఆపేసి కంపైల్ చేస్తే కంపైలరు నోరెత్తదు. రాసే ముందు మీరే లెక్క చూసి ఆపాలి.

ఇన్ని చెప్పాక కూడా నా పక్షం మారలేదు. ఈ తప్పులన్నీ పేర్లున్న తప్పులు, వెతికితే దొరికేవి. ఋషికుల్య గారి దారి అన్నిటికన్నా మంచిదని మాత్రం ఒప్పుకుంటాను. అది దొరికేదాకా వాడే దారి ఏదన్నదే ఇక్కడి ప్రశ్న.

మహేంద్రతనయ, పర్లాకిమిడి

వారం తర్వాత వచ్చాను. వంశధార చెప్పిన ఒక్కో బైటు ప్రాక్సీ పెట్టాము. రెండు చోట్ల తెగింది. ఒకటి, పొడవు తాలూకు నాలుగు బైట్లూ ఒకేసారి వస్తాయని నమ్మిన చోటు. రెండోది, వరుసల మధ్య నోటీసు వస్తే దాన్నే ఒక వరుస అనుకున్న చోటు. రెండూ దిద్దాము. మోహన వైపు కొండల్లో ఉన్న ఒక గోదాములో ఇదివరకు వారానికోసారి ‘లెక్క తెగిపోయింది’ అన్న ఫిర్యాదు వచ్చేది. దానికి కారణం సిగ్నలే అనుకున్నాము. ఆ గోదాము అప్పటికే నా యూనిట్‌ను పరీక్షకు వాడుతోందన్న సంగతి నాకు ఆలస్యంగా గుర్తొచ్చింది.

యాదృచ్ఛిక సంఖ్యకు విండోస్ క్రిప్టో జనరేటరును వాడుతున్నాము. టీఎల్ఎస్‌ను సొంతంగా రాయాలన్న ఆలోచన మొదటి నుంచీ లేదు. టీఎల్ఎస్ పని చూసిపెట్టే స్టనెల్ అనే ప్రోగ్రాముకు పోస్ట్‌గ్రెస్ వారి ఆ ‘ఎస్, ఎన్’ సంప్రదాయం తెలుసు కనుక, దానికి ఆ పని అప్పగించి, సర్టిఫికెట్టు సరిచూడమని గట్టిగా చెప్పి, యూనిట్‌ను దాని వెనక సాదా సాకెట్టుతో నడిపిస్తున్నాము. మళ్ళీ ఒక పిల్లి చంకెక్కిందని మీరు నవ్వవచ్చు. ఒక్క పిల్లే.

సమాంతరంగా, మా ముగ్గురిలో రెండోవాడు నాగావళి గారు చెప్పినట్టే 15వ శాఖ నుంచి 32 బిట్ల లిబ్‌పీక్యూను కట్టాడు. నిజంగానే ఒక వారాంతమే పట్టింది, అందులో సగం ఓపెన్ఎస్ఎస్ఎల్‌కే. ఇప్పుడు పట్టణంలోని మూడు మిల్లులకు నా యూనిట్, మరో మూడింటికి అతడి డీఎల్ఎల్ పెట్టాము. మిగిలినవి ఇంకా ఎండీ5 మీదే ఉన్నాయి. కొత్త ఫారాలకు మాత్రం హెచ్‌టీటీపీ సేవ మొదలుపెట్టాము. ఋషికుల్య గారు సంతోషించవచ్చు.

సర్వరు సంతకాన్ని పోల్చే భాగం ఇంకా రాయలేదు. రాయడం కష్టమని కాదు, పదిహేను వరుసల పని. లాగిన్ ఎలాగూ అవుతోంది కనుక ప్రతి రోజూ దానికన్నా తొందరైన పని మరొకటి కనిపిస్తోంది.

నాగావళి, రాయగడ

మీ చివరి వాక్యమే నా వాదన మొత్తం. ఆ పదిహేను వరుసలూ రాసి, తప్పుడు సంతకం పంపే నకిలీ సర్వరు ముందు మీ క్లయింటు వెనక్కి తిరిగిందని చూపిన రోజున నాకు కబురు చేయండి. పర్లాకిమిడి వచ్చి మీ యూనిట్ కోడ్ మొత్తం కూర్చుని చదువుతాను. అంతవరకు నా ఓటు మీ రెండోవాడి డీఎల్ఎల్‌కే.